జబ్బు బయటపడక ముందే రక్తం, మూత్రం ఏం చెబుతాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

ల్యాబ్ కౌంటర్ దగ్గర రిపోర్టు అందుకున్నవాళ్ళు చాలామంది ముందుగా వెతికేది ముద్దక్షరాల్లో అచ్చయిన అంకెలు ఉన్నాయా అని. లేకపోతే కాగితం మడిచి జేబులో పెట్టుకుంటారు. ఉంటే అక్కడే నిలబడి ఫోన్‌లో వెతకడం మొదలుపెడతారు. బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో ఏళ్ళ తరబడి ఈ రెండు రకాల వాళ్ళనూ చూశాను. మొదటి రకంలో కొందరి జబ్బు ఆ మడిచిన కాగితంలోనే ఉండేది. రెండో రకంలో చాలామందికి ఏ జబ్బూ ఉండేది కాదు. అందుకే నన్ను తరచూ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఇవి చదివి మందులు మొదలుపెట్టడం, మానేయడం చేయకండి. మీ డాక్టరు గారిని ఏమడగాలో తెలుసుకోవడానికి వాడుకోండి.

బయోకెమికల్ మార్కర్ అంటే ఏమిటి?

ఒంట్లో జరుగుతున్న మార్పును కొలిచి చూపించే పదార్థం. రక్తంలోనో మూత్రంలోనో ఉంటుంది. గ్లూకోజు, క్రియాటినిన్, కొలెస్ట్రాల్, థైరాయిడ్ పనితీరు చూపే టీఎస్‌హెచ్ ఇవన్నీ మార్కర్లే. కొన్ని మార్కర్లు జబ్బునే చూపిస్తాయి. రెండు మూడు నెలల షుగర్ సగటు చూపే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం, ఆపైన ఉండి, మరోసారి చేసినా అలాగే వస్తే అది షుగర్ వ్యాధే. కొన్ని మాత్రం ముప్పును చూపిస్తాయి. చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 160 ఉన్న మనిషికి ఇప్పుడు గుండెజబ్బు ఉన్నట్టు కాదు. ఇలాగే ఏళ్ళు గడిస్తే వచ్చే అవకాశం పెరుగుతుందని అర్థం. ఈ తేడా తెలియకపోవడం వల్లే సగం టెన్షన్ వస్తుంది.

నాకు ఏ బాధా లేదు. పరీక్షలు ఎందుకు?

మన దగ్గర ఎక్కువమందిని దెబ్బతీసే జబ్బులు మొదట్లో ఏ బాధా పెట్టవు కాబట్టి. షుగర్, కిడ్నీ జబ్బు, కొవ్వు పట్టిన కాలేయం, రక్తనాళాల్లో పేరుకునే కొలెస్ట్రాల్ ఏవీ నొప్పి పుట్టించవు. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా చేసిన సర్వే 2023లో ప్రచురితమైంది. దాని ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది, మరో 13.6 కోట్ల మంది షుగర్ గడపలో ఉన్నారు. గడపలో ఉన్నవాళ్ళకు తిండి, నడక, బరువు తగ్గడంతోనే చాలావరకు వెనక్కి వచ్చే అవకాశం ఉంటుంది. ఆ అవకాశం ఉన్నప్పుడు వాళ్ళకు ఏ లక్షణమూ ఉండదు. అంకె ఒక్కటే చెప్పగలదు.

రిపోర్టులో "నార్మల్ రేంజ్" ఎలా నిర్ణయిస్తారు? దాటితే జబ్బేనా?

మామూలుగా ఆరోగ్యంగా ఉన్న కొన్ని వందల మందిని పరీక్షించి, మధ్యలోని 95 శాతం మంది అంకెలు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉన్నాయో చూసి ఆ హద్దులు గీస్తారు. అంటే ఏ జబ్బూ లేని ప్రతి ఇరవై మందిలో ఒకరు ఎటూ హద్దు బయటే ఉంటారు. గ్లూకోజు, కొలెస్ట్రాల్ లాంటి కొన్నింటికి మాత్రం జబ్బు ముప్పు ఎక్కడ పెరుగుతుందో చూసి హద్దు పెట్టారు. రిపోర్టులో ఈ రెండు రకాల హద్దులూ ఒకే వరసలో అచ్చవుతాయి కాబట్టి చదివేవాళ్ళకు తేడా తెలియదు.

ఎనభై పరీక్షల ఫుల్ బాడీ ప్యాకేజీ ఆఫర్‌లో వస్తోంది. చేయించుకోమంటారా?

నా మాట అడిగితే, వద్దు. పైన చెప్పిన లెక్కనే చూడండి. ఒక్కో పరీక్షలో ఆరోగ్యవంతుడు హద్దు దాటే అవకాశం ఇరవైలో ఒకటి. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు చేస్తే, ఏ జబ్బూ లేని మనిషికి కనీసం ఒక్కటైనా తేడాగా వచ్చే అవకాశం 64 శాతం. ఎనభై చేస్తే అన్నీ నార్మల్‌గా రావడమే అరుదు. ఆ ఒక్క అంకె పట్టుకుని స్కానింగులు, స్పెషలిస్టులు, నిద్రలేని రాత్రులు. పెళ్ళి ఖర్చుకు దాచుకున్న డబ్బు ఇలా తిరగడానికి పెట్టిన కుటుంబాలను చూశాను, చివరికి ఏమీ తేలలేదు.

ఇంకో బాధ కూడా ఉంది. ఎనభై పరీక్షలున్న చాలా ప్యాకేజీల్లో, నిజంగా కావాల్సిన ఒక మూత్ర పరీక్ష ఉండదు. దాని సంగతి కింద రాశాను.

మరి ఏవి చేయించుకోవాలి?

ముప్పై దాటిన మామూలు మనిషికి చాలా కొన్నే చాలు: పరగడుపున గ్లూకోజు లేదా హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్ చూపే లిపిడ్ ప్రొఫైల్, క్రియాటినిన్‌తో పాటు కిడ్నీల వడపోత ఎంతుందో చెప్పే ఈజీఎఫ్ఆర్, హిమోగ్లోబిన్ చూపే సీబీపీ. షుగర్ గానీ బీపీ గానీ ఉంటే, ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళుంటే, మూత్రంలో పోయే ప్రోటీన్‌ను కొలిచే ఏసీఆర్ తప్పనిసరి. బొజ్జ, షుగర్, మద్యం అలవాటు ఉంటే లివర్ ఎంజైములు కూడా. వీటి పక్కన బీపీ మిషన్, నడుం చుట్టూ పెట్టే టేపు ఉండాలి. ఆ రెండింటికీ ల్యాబ్ అక్కర్లేదు, అవి చెప్పేది మాత్రం రక్తపరీక్ష చెప్పేదానికి తీసిపోదు.

అన్నీ బాగుంటే ఎన్నాళ్ళకోసారి చేయించాలన్నది వయసును, ఇంట్లో ఉన్న జబ్బులను బట్టి డాక్టరు చెబుతారు. ప్రతి మూడు నెలలకూ చేయించాల్సిన పనైతే లేదు.

పరగడుపు షుగర్ మంచిదా, మూడు నెలల షుగర్ మంచిదా?

పరగడుపు గ్లూకోజు ఆ ఉదయం సంగతి చెబుతుంది. 100 నుంచి 125 మధ్య ఉంటే షుగర్ గడపలో ఉన్నట్టు, 126 నుంచి షుగర్. హెచ్‌బీఏ1సీ రెండు మూడు నెలల సగటు చెబుతుంది. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, అన్నాళ్ళూ దాని హిమోగ్లోబిన్‌కు చక్కెర అంటుకుంటూ ఉంటుంది, ఆ అంటుకున్నదాన్నే కొలుస్తాం. 5.7 నుంచి 6.4 దాకా గడప.

హెచ్‌బీఏ1సీ రక్తకణం ఆయుష్షు మీద ఆధారపడింది కాబట్టి రక్తంలో తేడా ఉంటే అంకె కూడా తప్పుతుంది. ఐరన్ తక్కువై రక్తహీనత ఉన్నవాళ్ళలో అది ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు. మన ఆడవాళ్ళలో ఐరన్ లోపం ఎంత మామూలో మీకు తెలుసు. హిమోగ్లోబిన్ 8 ఉన్న ఆమెకు 6.0 వస్తే, ముందు రక్తహీనత సంగతి చూడాలి, షుగర్‌ను గ్లూకోజుతో తేల్చుకోవాలి. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్ళలో దీనికి వ్యతిరేకం: కణాలు తొందరగా చనిపోతాయి, అంకె తక్కువ చూపిస్తుంది. మన్యం, ఆదిలాబాద్ ప్రాంతాల గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ ఉంది కాబట్టి అక్కడ పనిచేసే ఆరోగ్య సిబ్బంది ఇది గుర్తుంచుకోవాలి. ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నా అంకె నమ్మదగ్గది కాదు.

గర్భిణులకు హెచ్‌బీఏ1సీతో సరిపెట్టకూడదు. 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళు తాగించి రెండు గంటల తర్వాత చూస్తారు. మన దేశంలో వాడే పద్ధతిలో అది 140, ఆపైన ఉంటే గర్భిణి షుగర్‌గా లెక్క.

క్రియాటినిన్ నార్మల్ వచ్చింది. కిడ్నీలు బాగున్నట్టేనా?

అన్నిటికన్నా ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది ఈ అంకే. క్రియాటినిన్ కండరాల నుంచి వచ్చే వ్యర్థం. కండరంలో శక్తిని నిల్వ ఉంచే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం రోజూ కొంత విచ్ఛిన్నమై క్రియాటినిన్‌గా మారుతుంది, కిడ్నీలు దాన్ని బయటికి పంపుతాయి. ఆ ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో హార్వర్డ్‌లో కనిపెట్టిన ఇద్దరిలో ఒకరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, రెండోవారు సైరస్ ఫిస్కే. వాళ్ళిద్దరూ 1925లో ప్రచురించిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఇప్పటికీ వాళ్ళ పేర్లతోనే నేర్చుకుంటారు. రిపోర్టులో క్రియాటినిన్ అన్న మాట చూసినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తారు.

క్రియాటినిన్ కండరం నుంచి వస్తుంది కాబట్టి కండ తక్కువ ఉన్నవాళ్ళలో అది తక్కువే పుడుతుంది. బక్కపలచటి పెద్దావిడ కిడ్నీ సగం పాడైనా అంకె హద్దు లోపలే ఉండిపోవచ్చు. అసలు ఎవరిలోనైనా కిడ్నీ పనితీరు సగానికి దగ్గరగా పడిపోయేదాకా క్రియాటినిన్ గట్టిగా పెరగదు.

అందుకే వయసు, ఆడా మగా అన్నది కలిపి ఈజీఎఫ్ఆర్ లెక్కగడతారు. 1.1 క్రియాటినిన్ తీసుకోండి. చాలా ల్యాబుల్లో అది నార్మల్. ఇరవై అయిదేళ్ళ అబ్బాయికి అదే 1.1 అయితే ఈజీఎఫ్ఆర్ సుమారు 95. అరవై ఏళ్ళ ఆమెకు అదే 1.1 అయితే 2021లో వచ్చిన లెక్క ప్రకారం సుమారు 57. మూడు నెలలకు పైగా 60 కన్నా తక్కువే ఉంటే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. రెండు రిపోర్టుల్లోనూ అదే అంకె, ఏదీ ముద్దక్షరాల్లో ఉండదు. మీ రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ లేకపోతే ల్యాబ్ వాళ్ళను అడగండి. అదనంగా రక్తం ఇవ్వక్కర్లేదు, అది లెక్క మాత్రమే.

ఏసీఆర్ అంటే ఏమిటి? మూత్రం మామూలు పరీక్షలో ప్రోటీన్ నిల్ అని వచ్చింది కదా?

కిడ్నీలోని జల్లెడ దెబ్బతినడం మొదలైనప్పుడు ముందుగా జారిపోయేది ఆల్బుమిన్ అనే ప్రోటీన్. మొదట్లో అది ఎంత కొద్దిగా ఉంటుందంటే, రంగు మారే కాగితపు పుల్ల దాన్ని పట్టుకోలేదు. నురగా రాదు, వాపూ రాదు. ఏసీఆర్ పరీక్షలో ఆల్బుమిన్‌ను మూత్రంలోని క్రియాటినిన్‌తో పోల్చి కొలుస్తారు. నీళ్ళు ఎక్కువ తాగినా తక్కువ తాగినా లెక్క తప్పకుండా ఉండడానికి ఆ పోలిక. గ్రాముకు 30 మిల్లీగ్రాముల లోపు నార్మల్. 30 నుంచి 300 మధ్య దొరికితే అదే మనకు కావలసిన సమయం. బీపీ, షుగర్ అదుపు చేసి, అవసరమైతే కిడ్నీని కాపాడే మాత్రలు వేసుకుంటే జబ్బు నడక బాగా నెమ్మదిస్తుంది.

టైప్ 2 షుగర్ ఉన్నవాళ్ళు షుగర్ బయటపడ్డ రోజు నుంచే ఏటా ఇది చేయించాలి. షుగర్ మాత్రలు పదేళ్ళుగా వాడుతూ ఒక్కసారి కూడా ఈ పరీక్ష చేయించని వాళ్ళు రోజూ మా కౌంటర్‌కు వస్తారు. వాళ్ళ తప్పు కాదు, ఎవరూ చెప్పలేదు. డయాలసిస్ కుర్చీలో కూర్చున్న మనిషిని చూసినప్పుడు, కొన్నేళ్ళ ముందు ఒక చిన్న డబ్బాలో మూత్రం పట్టి ఇచ్చి ఉంటే అన్న ఆలోచన నన్ను వదలదు.

ఉదయం మొదటి మూత్రం మంచిది. జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, నెలసరి, ముందురోజు గట్టి వ్యాయామం ఉంటే వాయిదా వేయండి. ఎక్కువ వస్తే ఒక్కదాంతో తేల్చరు. మూడు నుంచి ఆరు నెలల్లో చేసిన మూడింటిలో రెండు ఎక్కువ రావాలి.

ఉద్దానం వాళ్ళకూ ఇదే పరీక్షా?

ఉద్దానం సంగతి వేరు. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు లాంటి మండలాల్లో షుగర్, బీపీ లేని రైతులకు, కూలీలకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. కారణం ఇదేనని ఇంకా తేలలేదు. ఈ జబ్బులో దెబ్బ ఎక్కువగా కిడ్నీ గొట్టాల మీద పడుతుంది కాబట్టి చాలామందికి మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు. ఏసీఆర్ బాగుందని ఊరుకుంటే జబ్బు జారిపోతుంది. అక్కడ క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ తప్పకుండా చూడాలి, అదీ మళ్ళీ మళ్ళీ. ఎండలో పగలంతా పనిచేసి నీళ్ళు తాగని రోజు క్రియాటినిన్ కాస్త పెరుగుతుంది కాబట్టి ఒక్క అంకెతో భయపడకుండా, కొన్నాళ్ళ తర్వాత మళ్ళీ చూసుకోవాలి. ఒళ్ళు నొప్పులకు మందుల షాపులో చీటీ లేకుండా కొనే నొప్పి మాత్రలు ఏ కిడ్నీకైనా చెడ్డవే, ఈ ప్రాంతంలో మరీ.

కొలెస్ట్రాల్ అంతా బాగున్నా మా బాబాయికి నలభై రెండేళ్ళకే గుండెపోటు వచ్చింది. ఎలా?

పొగ, షుగర్, బీపీ లాంటి కారణాలు చాలా ఉండొచ్చు. అయితే మామూలు లిపిడ్ ప్రొఫైల్‌లో కనబడనిది ఒకటుంది: లైపోప్రోటీన్ ఏ అనే, ఎల్‌డీఎల్ లాంటి కొవ్వు కణం. ఇది దాదాపు పూర్తిగా వంశపారంపర్యంగా వచ్చేది, తిండితో, నడకతో పెద్దగా మారదు. 50 మిల్లీగ్రాములు దాటితే ముప్పు ఎక్కువ. జీవితంలో ఒక్కసారి చేయిస్తే సాధారణంగా చాలు. చిన్న వయసులో గుండెపోటు వచ్చిన ఇంట్లో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిల్లలు చేయించుకోవడం మంచిది. దాన్ని తగ్గించడం కష్టమైనా, ఎక్కువుందని తెలిస్తే ఎల్‌డీఎల్‌ను, బీపీని ఇంకా గట్టిగా అదుపు చేస్తారు. మామూలు లిపిడ్ ప్రొఫైల్‌కు పరగడుపు తప్పనిసరి కాదు. ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు బాగా ఎక్కువ వస్తే అప్పుడు పరగడుపున మళ్ళీ చూస్తారు.

ఛాతీలో నొప్పిగా ఉంది. ట్రోపోనిన్ పరీక్ష ల్యాబ్‌లో చేయించుకోవచ్చా?

వద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి, 108కి ఫోన్ చేయండి. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్ పెరగడానికి కొంత సమయం పడుతుంది, మొదటిసారి నార్మల్ వచ్చినా గుండెపోటు లేదని కాదు. ఈసీజీ తీస్తూ, గంటల తేడాతో రెండోసారి చూడాలి. అది ఇంటికొచ్చి శాంపిల్ తీసుకెళ్ళే పరీక్ష కాదు.

ఎస్‌జీపీటీ 40 ఉంది. ఫ్యాటీ లివర్ అంటే భయపడాలా?

ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ కాలేయపు ఎంజైములు. ఎంజైము అంకె ఒక్కటే కాలేయం గట్టిపడుతోందో లేదో చెప్పదు. దానికి ఫిబ్-4 అనే లెక్క ఉంది: వయసును ఎస్‌జీఓటీతో గుణించి, ప్లేట్‌లెట్లను ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించి, మొదటిదాన్ని రెండోదాంతో భాగించాలి. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకోవాలి. యాభై అయిదేళ్ళు, ఎస్‌జీఓటీ 44, ఎస్‌జీపీటీ 40, ప్లేట్‌లెట్లు 1.6 లక్షలు అనుకోండి. చూపుకు అన్నీ దాదాపు నార్మలే. లెక్క వేస్తే సుమారు 2.4 వస్తుంది. 1.3 లోపు ఉంటే మామూలుగా నిశ్చింత. 2.4 అంటే కాలేయం ఎంత గట్టిపడిందో చూసే ఫైబ్రోస్కాన్ లాంటిది చేయించమని డాక్టరు చెబుతారు.

క్యాన్సర్‌ను ముందే పట్టే రక్తపరీక్ష ప్యాకేజీలు నమ్మవచ్చా?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. ఇంట్లో ఎవరో ఒకరు పోయి ఉంటారు. అయినా ఏ లక్షణమూ లేనివాళ్ళు సీఏ-125, సీఈఏ, సీఏ 19-9 లాంటి క్యాన్సర్ మార్కర్లు చేయించుకోవద్దనే చెబుతాను. సీఏ-125 నెలసరిలో, గర్భంలో, గర్భాశయపు పొర బయట పెరిగే ఎండోమెట్రియోసిస్‌లో పెరుగుతుంది. కడుపులో టీబీ వచ్చినా బాగా పెరుగుతుంది. టీబీ ఉన్న దేశంలో ఇది చిన్న విషయం కాదు. సీఈఏ పొగ తాగేవాళ్ళలో ఎక్కువ ఉంటుంది. ఇవి క్యాన్సర్ ఉందని తేలినవాళ్ళలో మందు పనిచేస్తోందా, జబ్బు తిరగబెట్టిందా అని చూడటానికి బాగా ఉపయోగపడతాయి.

బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా ఆడవాళ్ళతో సీఏ-125, స్కానింగుల మీద ఏళ్ళ తరబడి పెద్ద అధ్యయనం చేశారు. 2021లో తుది ఫలితం వచ్చింది. అండాశయ క్యాన్సర్లను కాస్త ముందుగా పట్టగలిగారు గానీ మరణాలు తగ్గలేదు. ముందే పట్టినంత మాత్రాన మనిషి బతకడం లేదంటే ఆ పరీక్ష అందరికీ చేయడంలో అర్థం లేదు.

మగవాళ్ళ ప్రోస్టేట్ గ్రంథి మార్కరైన పీఎస్ఏ కొంచెం వేరు. యాభై అయిదు దాటిన మగవాళ్ళు లాభనష్టాలు డాక్టరుతో మాట్లాడుకుని నిర్ణయించుకోవచ్చు. గ్రంథి వయసుతో పెరిగినా, ఇన్‌ఫెక్షన్ వచ్చినా పీఎస్ఏ పెరుగుతుంది.

నిజంగా ప్రాణం కాపాడేవి వేరే ఉన్నాయి: గర్భాశయ ముఖద్వారానికి హెచ్‌పీవీ అనే వైరస్ పరీక్ష, నోటి పరీక్ష, రొమ్ము పరీక్ష. ముప్పై దాటినవాళ్ళకు ఈ మూడు క్యాన్సర్ల తనిఖీ జాతీయ కార్యక్రమంలో ఉంది. ప్యాకేజీకి పెట్టే డబ్బు ఉంచుకుని, అమ్మనూ అత్తయ్యనూ వీటికి తీసుకెళ్ళండి.

జుట్టు రాలకుండా బయోటిన్ వేసుకుంటున్నాను. థైరాయిడ్ పరీక్షకు ఇబ్బందా?

అవును. కొన్ని మిషన్లు పనిచేసే పద్ధతిలోనే బయోటిన్ వాడతారు. మీ రక్తంలో అది ఎక్కువుంటే టీఎస్‌హెచ్ తక్కువగా, థైరాయిడ్ హార్మోను టీ4 ఎక్కువగా అబద్ధపు అంకెలు వస్తాయి, లేని జబ్బుకు మందు రాసే ప్రమాదం ఉంటుంది. ట్రోపోనిన్‌ను కూడా తక్కువ చూపించగలదని 2017లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపండి. మోతాదు పెద్దదైతే ఇంకా ముందే ఆపాలి, ఎన్ని రోజులో ల్యాబ్‌లో అడగండి.

శాంపిల్ ఇచ్చేటప్పుడు ఏం చూసుకోవాలి?

పరగడుపు అంటే నీళ్ళు కూడా తాగకూడదని కాదు. నీళ్ళు తాగండి, కాఫీ, టీ వద్దు. ముందురోజు రాత్రి మటన్ బాగా తింటే క్రియాటినిన్, జిమ్‌లో గట్టిగా కష్టపడితే ఎస్‌జీఓటీ పెరుగుతాయి. గ్లూకోజుకు బూడిదరంగు మూత ఉన్న గొట్టం వాడాలి. మామూలు గొట్టంలో తీసి వదిలేస్తే రక్తకణాలు చక్కెరను తింటూనే ఉంటాయి, గంటకు 5 నుంచి 7 శాతం దాకా తగ్గిపోతుంది. మే నెల ఎండలో ఇంటింటికీ తిరిగే బైకు పెట్టెలో ఇంకా తొందరగా తగ్గుతుంది. శాంపిల్ ఎంతసేపట్లో ల్యాబ్‌కు చేరుతుందని అడగడం మీ హక్కు. ల్యాబుల నాణ్యత చూసే ఎన్‌ఏబీఎల్ సంస్థ గుర్తింపు ల్యాబ్‌కు ఉందా అని కూడా చూడండి.

పుట్టిన బిడ్డకు మడమ గుచ్చి రక్తం తీస్తామన్నారు. ఒప్పుకోవాలా?

తప్పకుండా. పుట్టుకతో థైరాయిడ్ పనిచేయని బిడ్డ చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. రెండు మూడు రోజుల వయసులో తీసిన రక్తపు చుక్కతో తెలిసిపోతుంది. మొదటి రెండు వారాల్లో మాత్ర మొదలుపెడితే బుద్ధి ఎదుగుదల దెబ్బతినకుండా ఆపవచ్చు. మొత్తం ఈ పేజీలో ఇంతకన్నా విలువైన పరీక్ష నాకు తెలియదు.

అమెరికాలో ఉన్న మా అబ్బాయి రిపోర్టు అర్థమవుతుంది, లండన్‌లో ఉన్న అమ్మాయిది అర్థం కాదు. ఎందుకు?

కొలమానాలు వేరు. బ్రిటన్, ఆస్ట్రేలియా లాంటి చోట్ల గ్లూకోజు మిల్లీమోల్స్‌లో ఇస్తారు. 18తో గుణిస్తే మన అంకె వస్తుంది, అంటే అక్కడి 7 ఇక్కడి 126. కొలెస్ట్రాల్‌ను 38.7తో గుణించండి. క్రియాటినిన్‌ను 88.4తో భాగించండి. హెచ్‌బీఏ1సీ 48 అని వస్తే అది మన 6.5.

పాత రిపోర్టులు ఎన్నాళ్ళు దాచాలి?

పారేయకండి. నలభై అయిదేళ్ళ మగమనిషి క్రియాటినిన్ 0.7 ఉండేదనుకోండి. ఏడాదికి 0.9, ఇంకో రెండేళ్ళకు 1.2. మూడు రిపోర్టులూ విడివిడిగా చూస్తే నార్మల్. పక్కపక్కన పెడితే ఈజీఎఫ్ఆర్ 115 దగ్గర నుంచి 75కు జారింది. మూడేళ్ళలో అంత జారుడు వయసు వల్ల వచ్చేది కాదు. కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సింది ఆ మూడో రిపోర్టుతోనే. పాత రెండూ ఇంట్లో ఉంటేనే అది తెలుస్తుంది. ప్లాస్టిక్ ఫైలు కొని తేదీల వారీగా పెట్టండి, ప్రతిదాన్నీ ఫోన్‌లో ఫోటో తీసుకోండి. పైన మనిషి పేరు, ల్యాబ్ పేరు, తేదీ కనబడేలా తీయండి.